పోగు తెగినచోట నిలుచుట

"తీరికలేదు" అను మాట మన నోట దినమున కెన్నిమారులు వెలువడుచున్నదో యొక్కనాడు లెక్కపెట్టుకొన్నచో మనకే సిగ్గు కలుగును. భోజనమునకు వేళ యగుచున్నదని స్నానమును, కచేరికి వేళ యగుచున్నదని భోజనమును, ఇంటికి మరలు వేళ యగుచున్నదని కచేరిపనిని త్వరపెట్టుచున్నాము. ఒక్కొక్క పనిని దాని తరువాతి పనికొరకు మాత్రమే చేయుచు, ఏ పనియందును మనస్సు నిలుపక, దినాంతమున అలసి నిద్రించుచున్నాము. పరమేశ్వరుడు సర్వాంతర్యామి యని మనమందరము ఒప్పుకొన్నవారమే. ఆయన ఎల్లయెడలను ఉండగా, మనమే యెచ్చటను లేకుండ బ్రదుకుచున్నాము. దినచర్యయందు వేగమును తగ్గించుకొని ఆయన సన్నిధి నెరిగి బ్రదుకుట యెట్లు? అట్లు బ్రదుకుచున్నామో లేదో గుర్తించుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలను పాఠకమహాశయులతో కూడి విచారింప దలచితిమి.

ముందుగా నొక భ్రమను తొలగించుకొనవలెను. నిదానమనగా మాంద్యమని కొందరు తలంతురు. సోమరి చేయవలసిన పనిని విడిచి కూర్చుండును. తొందరపడువాడు చేయుచున్న పనిని విడిచి రాబోవుదాని వెంట పరుగెత్తును. విచారించి చూడగా ఇద్దరును చేతనున్న పనికి దూరస్థులే. నిదానస్థుడు మాత్రమే తానున్నచోట నుండును. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పిన మాటకు అర్థమిదియే గాని, ఆలస్యమును వారు మెచ్చుకొనియుండలేదు.

ఈ సంగతిని మేము గ్రంథములలో పలుమారు చదివియుంటిమి. ఉపన్యాసములలో చెప్పియు నుంటిమి. కాని దానిని మాకు నిజముగా నేర్పినది గూడూరిలోని యొక మగ్గపు గుంట. కర్నూలు మండలమున తుంగభద్రకు దక్షిణమున నున్న యీ గూడూరు, కోడుమూరు, ఎమ్మిగనూరులవలె నేతపనికి పేరుపడిన చోటు. మా యింట వివాహము నిశ్చయమైనప్పుడు ఆ యూరి నేతగాని కొకనికి చీరలు నేయుటకు ఒప్పగించితిమి. గడువు సమీపించుచుండుటచే పని త్వరపెట్టుటకు స్వయముగా పోయితిమి.

అతడు గుంటమగ్గమున కూర్చుండి కాళ్లతో తొక్కుచు, చేత త్రాడు లాగుచు నాడె నాడించుచుండెను. ఆయన భార్య గోడప్రక్కను రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచుండెను. మేము అరుగుపైననే నిలిచి, పని యెంతవరకు వచ్చినదని అడుగుచుండగా పడుగులో నొక పోగు తెగెను. వెంటనే ఆయన నాడె నాపి, వంగి, వేల మధ్యనుండు ఆ సన్నని పోగును వెదకిపట్టి, రెండు కొనలను ముడివేసి, చేతితో తడవి చూచుకొని, మరల పనికి దిగెను. కొంతసేపటికి మరియొక పోగు తెగెను. మరల నట్లే నిలిచెను. మాకు ఓర్పు నశించి, "పెద్దాయనా, ఇట్లు పోగు పోగుకు నిలిచినచో పెండ్లినాటికి చీర అందునా?" అని అడిగితిమి.

ఆయన తలయెత్తి నవ్వి, "నిలవకుంటే ఎట్లయ్యా? ఇప్పుడు నిలిస్తే ఒక పోగుతో పోతుంది. చూడనట్టు పోతే జానెడు బట్ట చెడుతుంది" అనెను.

ఆ మాట మాకు నచ్చెను. ఇంటికి వచ్చి దానిని ధర్మోపదేశముగా వ్రాసికొంటిమి. మనస్సను మగ్గమున శ్రద్ధ యను పోగు తెగినచోటనే నిలిచి అతుకుకొనవలెనని ఆదివారపు ప్రార్థనసభయందు ప్రసంగించితిమి కూడ. నాటినుండి ప్రాతఃకాలోపాసనను పొడిగించి, తలుపు మూసికొని, నిశ్శబ్దముగా కూర్చుండుట యారంభించితిమి. మాకు నిదానము అబ్బినదని సంతసించితిమి.

ఇట్లుండగా చీరలు ముగిసెను. ఆయన వానిని మూటగట్టుకొని తెల్లవారుజామున బయలుదేరి మా యింటికి వచ్చెను. మేము ఉపాసనలో నుంటిమి. ఉపాసన ముగిసిన తరువాత పత్రిక చదివితిమి. పిమ్మట నొక మిత్రుడు రాగా మాటలాడుచు కూర్చుంటిమి. మధ్యాహ్నము కావచ్చిన పిదప ఆయనను పిలిచి చీరలు చూచుకొని, సగము సొమ్మిచ్చి, తక్కినది వచ్చేవారము వచ్చి తీసికొమ్మంటిమి. ఆయన చేతులు జోడించి వెడలిపోయెను. ఆ సంగతి మాకు రెండుదినములవరకు తలంపునకే రాలేదు.

మూడవనాటి యుదయమున కన్నులు మూసికొని కూర్చుండగా ఆ యరుగు జ్ఞప్తికి వచ్చెను. ఆ పూట ఆయన మగ్గము ఊరకయుండినది. ఆ పూట కూలి పోయినది. మేమనుభవించిన ప్రశాంతతకు మూల్యము నిచ్చినవాడు అరుగుపై కూర్చున్నవాడు. వెంటనే లేచి, మిగిలిన సొమ్ము తీసికొని గూడూరునకు పోయితిమి. ఆయన ఇంట లేకుండెను. ఆ యిల్లాలు సొమ్ము అందుకొని, మేము నొచ్చుకొనుట చూచి, "ఫరవాలేదయ్యా. మీరు దేవునికాడ కూర్చున్నారని చెప్పినారంట. అట్టప్పుడు ఎట్ల పిలిచేదని ఆయనే కూర్చున్నాడంట" అనెను.

అందులో నిష్ఠూరమేమియు లేదు. కావుననే అది మమ్ము మరింత గాయపరచినది. మేము ఈశ్వరుని యొద్ద కూర్చుంటిమని నమ్మి ఆయన వేచియుండెను. ఈశ్వరుడు మా అరుగుమీద కూర్చుండి యుండగా మేము లోపల పత్రిక చదువుచుంటిమి. పోగు తెగిన దచ్చటనే. మేము నిలువలేదు.

మా తప్పును మాత్రమే చెప్పుకొని విడువుట చాలదు. విద్యావంతులమై, కొంత వసతి గలవారమైన మనకందరికి నిందొక పాఠము గలదు. నిదానము రెండు విధములు. తన కాలమును ఇచ్చి సంపాదించుకొను నిదానమొకటి. పరుల కాలమును తీసికొని అనుభవించు నిదానము రెండవది. మొదటిది ఉపాసన, రెండవది ఎంత పవిత్రమైన గదిలో జరిగినను అపహరణమే. మనము మెల్లగా బ్రదుకుటవలన ఎవరైనను త్వరపడవలసి వచ్చుచున్నదా, ఎవరైనను వేచియుండవలసి వచ్చుచున్నదా యని అడిగికొనుటయే మన నిదానమునకు పరీక్ష.

ఈ సత్యమునకు గూడూరి చెంతనే మరియొక దృష్టాంతము గలదు. ఆ యూరికి ననతిదూరమున సుంకేసుల యొద్ద తుంగభద్రపై కట్టిన అడ్డుకట్టనుండి కర్నూలు-కడప కాలువ బయలుదేరుచున్నది. దీనిని మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1863 మొదలు 1870 వరకు త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వమువారు కొనిరి. నేడు అది ముఖ్యముగా సేద్యమునకే యుపయోగపడుచున్నను, త్రవ్వించినవారు పొలములకు నీరిచ్చుటతోపాటు పడవలు నడపుటకు కూడ దాని నుద్దేశించి, నేల యెత్తుపల్లములుగా నున్నచోట్ల లాకులను కట్టించిరి.

లాకు పనిచేయు విధము గమనింపదగినది. ఎగువనుండి వచ్చు పడవ తొట్టివంటి కట్టడములో ప్రవేశించును; వెనుకటి తలుపులు మూయుదురు. ముందరి తలుపులు వెంటనే తెరువరు. తెరువబూనినను నీటి యొత్తిడిచే అవి కదలవు. తూములు విప్పి, లోపలి నీరు మెల్లమెల్లగా తగ్గి దిగువనీటితో సమమగువరకు వేచియుందురు. సమమైన పిమ్మట ఎంతో బలము అక్కరలేకయే తలుపులు తెరుచుకొనును. పడవ అచ్చట నిలిచినది విశ్రాంతికొరకు కాదు. ఎగువనీరు దిగువనీటితో సమమగుటకు.

ఉపాసనయందు మనము నిలుచుట యిట్టిది. పాండిత్యము, పదవి, ధనము, కులము అను ఎత్తులలో నిండియున్న మన నీరు మెల్లగా దిగి, మన యెదుట నున్న మనుష్యునితో సమమగువరకు నిలువవలెను. అట్లు నిలిచినవానికి సోదరుని హృదయద్వారము సులభముగా తెరుచుకొనును. నిలువక త్రోయువానికి ఎంత బలమున్నను తెరుచుకొనదు.

మన సమాజపు పూర్వులు ఈ ధర్మమును ఎరిగియే నడచిరి. రాజా రామమోహనరాయలవారు 1828లో బ్రహ్మసభను స్థాపించి, 1830 జనవరిలో కలకత్తా మందిరమునకు వ్రాయించిన ధర్మకర్తృత్వపత్రమున, ఆ మందిరము ఎట్టి భేదమును లేక సర్వజనులకును ఆరాధనస్థానమై యుండవలెనని నిర్ణయించిరి. మందిరపు తలుపు అందరికి తెరచియుండవలెనన్న సమాజమునకు చెందినవారి యింటి అరుగుపై పనివాడు వేచియుండుట యెట్లు తగును?

మహర్షి దేవేంద్రనాథఠాకూరుగారి చరిత్రమున నొక ఘట్టము ఇచ్చట స్మరింపదగినది. 1857, 1858 సంవత్సరములలో ఆయన సంసారపు సందడిని విడిచి సిమ్లా ప్రాంతపు హిమాలయములలో ధ్యాననిష్ఠులై యుండిరి. ఒకనాడు కొండలలో ప్రవహించు నదిని చూచుచు, ఇచ్చట ఇంత నిర్మలముగా నున్న యీ జలము దిగువకు పోయి ఏల మలినమగుచున్నదని తలపోసిరి. భూమిని ఫలవంతము చేయుటకు నది గర్వము విడిచి దిగక తప్పదని ఆయనకు తోచెను. నీవును దిగిపోయి, ఇచ్చట నేర్చినదానిని లోకమునకు తెలుపుమని అంతరాత్మయందు ఆజ్ఞ వినబడినట్లు ఆత్మచరిత్రమున వ్రాసికొనిరి. 1858లో ఆయన కలకత్తాకు మరలి వచ్చి సమాజకార్యమున తిరిగి నిమగ్నులైరి. ఏకాంతము వారిని క్రిందికి పంపినది. ఏ యేకాంతము మనలను జనులయొద్దకు మరల పంపదో, అది యీశ్వరునియొద్ద గడపినది కాదని మేము నమ్ముచున్నాము.

ఇంత పని యుండగా ప్రార్థనకు తీరిక యెక్కడిదని అడుగువారికి మన తెలుగుదేశమునందే సమాధానము గలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహమును జరిపించిరి. నూటికి పైగా గ్రంథములు వ్రాసిరి. బాలికల చదువునకు పాటుపడిరి. తీరికలేదనుటకు ఆయనకున్నంత హక్కు మనలో నెవరికి గలదు? అయినను 1878లో ప్రార్థనసమాజమును నెలకొల్పినవారు ఆయనయే. పని పెరిగినకొలది నిలుచుట కూడ అవసరమగునని ఆయన జీవితము చెప్పుచున్నది. మగ్గము ఎంత వేగముగా నాడుచున్నదో, తెగిన పోగును అంత త్వరగా కనిపెట్టవలెను గదా!

మరియొక యాక్షేపణ గలదు. అది మొదటిదానికన్న బలమైనది. నిదానముగా నుండుమని చెప్పుట వసతిగలవారికి సులభము; కూలినాలి చేయువారికి నిలుచుటకు వ్యవధి యెక్కడిది? ఈ యాక్షేపణ న్యాయమైనదే. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతములలో వానలు తప్పినచో గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములే గుంటూరు వైపు మిరప, ప్రత్తి చేలకు వలసపోవుట నేటికిని గలదు. దీనినే అచ్చటివారు సుగ్గికి పోవుట యందురు. పిల్లల చదువు నడుమ ఆగిపోవును. వృద్ధులు ఇంటికి కావలియుందురు. ఆదోని ప్రత్తి బజారులో బేళ్లు మోయు హమాలీ తన కాలమునకు తాను యజమాని కాడు. ఇట్టివారికి నిదానమును బోధించుట పరిహాసమగును.

కావున వారికి మనము బోధింపవలసినది లేదు. తీర్చవలసిన ఋణము గలదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకారసంఘమును స్థాపించిరి. ఇట్టి సంఘములకు మూలసూత్రము స్పష్టము: నేతగానికి నూలు అందవలెను, నేసినదానికి కూలి అందవలెను, దానికై వాడు సావుకారు గుమ్మముకడ పడిగాపులు పడరాదు. మేము ధర్మమందిరమున చెప్పుదానిని ఆయన మగ్గమునొద్ద చేసి చూపెను. సకాలమున ఇచ్చిన కూలియే పేదవానికి మనమియ్యగల తీరిక. ఆ తీరికలో వాడు ఈశ్వరుని తలచునో, బిడ్డను ఎత్తుకొనునో, కన్ను మూసి నిద్రించునో అది వాని స్వేచ్ఛ.

ఇంటిలోపలికిని ఒకమారు చూడవలెను. మనము ప్రాతఃకాలమున ధ్యానమునకు కూర్చున్నప్పుడు మన గృహిణి యెచ్చట నున్నది? నీళ్లు తోడుచుండును, పొయ్యి రాజేయుచుండును, పిల్లలను లేపుచుండును. అందరికన్న ముందు లేచి, అందరు పరుండిన పిదప పరుండునట్టి ఆమెకు ఉపాసనాసమయమేది? స్త్రీవిద్యనుగూర్చి సభలలో మాటలాడు మనము, ఆమెకు దినమున కరగంట యైనను నిశ్శబ్దము మిగిల్చితిమా? ఆమె పనిలో సగము మనము చేసినగాని మన ప్రార్థన కుటుంబప్రార్థన కానేరదు. బిందె చేతబట్టి నీళ్లు తెచ్చిన పురుషుని ధ్యానము ఏమియు చెడదు.

ఈ ప్రాంతపు జనులు మంత్రాలయమునకు భక్తితో యాత్రపోవుదురు. 1671లో రాఘవేంద్రస్వామివారు బృందావనప్రవేశము చేసిన ఆ తుంగభద్రాతీరమునకు దూరమునుండి కాలినడకన పోవువారును గలరు. మన యుపాసనావిధానము వేరైనను, ఆ నడకలోని ఓర్పు మెచ్చదగినది. త్రోవలో నీరడిగినవానికి నీరిచ్చుచు, కుంటివానికై నిలుచుచు పోవు యాత్రికుడు ఇంటికి వచ్చిన మరునాడే వంటవానిపై కేకలు వేయుట యెంత శోచనీయము! నడక ముగిసినను ఓర్పు ముగియరాదు. ప్రతిగృహమును, ప్రతిదినమును తీర్థమని తలంచువానికి మరల తొందరపడు అవసరము రాదు.

ఇక ఆచరణమునుగూర్చి మేము నేర్చుకొనిన కొలది సంగతులను మనవి చేయుదుము. మొదటిది: ఉదయమున ఉపాసనకు కూర్చుండుటకు ముందు, మనకొరకు వేచియున్నవా రెవరైన గలరేమో చూచుకొనవలెను. ఈయవలసిన సొమ్ము, వ్రాయవలసిన జాబు, చెప్పవలసిన క్షమాపణ యున్నచో దానిని ముందు తీర్చవలెను. రెండవది: ఒక పనినుండి మరియొక పనికి పోవునప్పుడు లాకులోని పడవవలె కొంచెము నిలువవలెను. పది శ్వాసలు చాలును. కచేరిలోని కోపమును ఇంటికిని, ఇంటిలోని చింతను కచేరికిని మోసికొని పోకుండుటకు ఇంతకన్న మంచి యుపాయమును మేమెరుగము. మూడవది: ఎవరైనను మాటలాడుచున్నప్పుడు చేతిలోని కాగితమును క్రిందపెట్టి వారి ముఖమును చూడవలెను. ముఖ్యముగా మనకన్న చిన్నవారును, మననుండి ఏదియో కోరి వచ్చినవారును మాటలాడునప్పుడు ఇది మరువరాదు. నాలుగవది: రాత్రి శయనించుటకు ముందు, ఈ దినమున నే నెచ్చట పోగు తెగినను చూడనట్లు పోయితినని అడిగికొని, ఆ చోటును గుర్తుంచుకొని, మరునాడు అచ్చటనే పని యారంభింపవలెను.

వీనిలో కష్టమైనది మొదటిదే. తక్కినవానిని మేము కొన్నినాళ్లలో అలవరచుకొంటిమి; దీనిని మాత్రము నేటికిని తప్పుచునే యున్నాము. అయినను ఒక మార్పు గలదు. ఇప్పుడు మా యింట ఉపాసన గది తలుపు మూయుట లేదు. వీథి అరుగు అచ్చటినుండి కనబడును. ఎవరైనను వచ్చి కూర్చున్నచో లేచి పోయి పలుకరించి వచ్చుట ధ్యానభంగమని మొదట తోచెడిది. ఇప్పుడు తోచుట లేదు. తెగిన పోగును ముడివేయుట నేతలో భాగమే యని ఆ పెద్దాయన చేతులు మాకు చూపియే యున్నవి.

ప్రార్థన

ఓ సర్వాంతర్యామీ! నీవు మాకొరకు తొందరపడక వేచియున్నావు. మేము నీకొరకు వేచియుండుట నేర్చుకొనలేదు. మా గుమ్మముకడ నిలిచిన ప్రతి మనుష్యునియందును నీ వున్నావని ఎరుగక, నిన్నే బయట నుంచి నిన్ను లోపల వెదకితిమి. క్షమింపుము. ఎత్తుననున్న మా మనస్సులను మెల్లగా దింపి మా సోదరులతో సమము చేయుము. మా విశ్రాంతి యెవరికిని భారము కాకుండునట్లు చేయుము. శ్రద్ధ తెగినచోట నిలుచుటకు ఓర్పును, ముడివేయుటకు నేర్పును, మరల నారంభించుటకు ధైర్యమును మాకు ప్రసాదింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.